గీజరు ప్లగ్గు ఎందుకు నల్లబడుతుంది? వోల్టు, ఆంపియర్ల నుంచి ఓమ్, వాట్ల లెక్క

గీజరు ప్లగ్గును సాకెట్లోంచి లాగి చూస్తే, ఒక్కోసారి మూడు పిన్నుల్లో ఒకటి మాత్రం నల్లబడి కనిపిస్తుంది. ఇత్తడి మెరుపు పోయి ఉంటుంది, దాని మొదట్లో ప్లాస్టిక్కు గోధుమ రంగుకు తిరిగి ఉంటుంది, ముక్కు దగ్గర పెట్టుకుంటే కమురు వాసన వస్తుంది. పక్కనున్న పిన్ను మాత్రం నిన్న కొన్నట్టు ఉంటుంది. ఫేజు పిన్నులోంచి వెళ్లిన కరెంటే న్యూట్రల్ పిన్నులోంచి తిరిగి వస్తుంది. రెండింటిలోనూ ఆంపియర్లు సరిసమానం. మరి ఒకటే ఎందుకు కాలింది?

చాలా ఇళ్లలో దీనికి వచ్చే జవాబు "ఓవర్‌లోడ్ అయిందేమో" అని. ఓవర్‌లోడ్ అయితే రెండు పిన్నులూ కాలాలి, కరెంటు హద్దు దాటితే తనంతట తాను ఆపేసే స్విచ్చి ఎంసీబీ కూడా పడిపోవాలి. ఇక్కడ ఆ రెండూ జరగలేదు. అసలు కారణం ఆ ఒక్క పిన్ను దగ్గర ఉన్న ఓమ్‌లో మూడో వంతు నిరోధం. అంత చిన్న సంఖ్య అంత పని ఎలా చేసిందో తెలియాలంటే వోల్టు, ఆంపియర్, ఓమ్, వాట్ నాలుగింటినీ ఒకే వరుసలో చూడాలి. పదో తరగతిలో ఈ సూత్రాలు అందరూ చదివినవే. అయితే వాటిని ఎక్కడ, ఎలా వాడాలన్నది మాత్రం చాలామందికి ఎవరూ చెప్పలేదు.

ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. తెలుగులో "కరెంటు" అన్న మాట మూడు నాలుగు అర్థాలకు సరిపెట్టుకుంటుంది. "కరెంటు పోయింది", "కరెంటు వచ్చింది" అన్నప్పుడు నిజానికి పోయిందీ వచ్చిందీ వోల్టేజి. సాకెట్లో ఏమీ పెట్టకపోయినా 230 వోల్టులు అక్కడ కాచుకుని ఉంటాయి. అప్పుడు ప్రవహించేది సున్నా ఆంపియర్లు. స్విచ్ వేశాక, దారి దొరికాక కదిలేదే కరెంటు. "కరెంటు బిల్లు"లో లెక్కించేది ఈ రెండూ కాదు, వాటి లబ్ధాన్ని గంటలతో గుణిస్తే వచ్చే శక్తిని. మాటల్లో ఈ కలగాపులగం ఉన్నా ఇబ్బంది లేదు. లెక్కకు కూర్చున్నప్పుడు మాత్రం వోల్టేజిని వోల్టేజి అని, కరెంటును కరెంటు అని విడదీయాలి.

లెక్క చిన్నదే. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే నిరోధం వస్తుంది. వోల్టేజిని కరెంటుతో గుణిస్తే పవర్ వస్తుంది. 2000 వాట్ల గీజరుకు 230 వోల్టులు ఇస్తే 2000 ÷ 230, అంటే 8.7 ఆంపియర్లు లాగుతుంది. 230 ÷ 8.7 చేస్తే 26.45 ఓమ్‌లు. గీజరు లోపల ఉన్న ఎలిమెంట్ నిరోధం ఇది. 750 వాట్ల ఇస్త్రీ పెట్టెకు ఇదే లెక్క వేస్తే 3.26 ఆంపియర్లు, 70.5 ఓమ్‌లు. వాట్లు ఎక్కువున్న వస్తువుకు ఓమ్‌లు తక్కువ. ఇది మొదటిసారి విన్నవాళ్లకు తలకిందులుగా అనిపిస్తుంది. "నిరోధం ఎక్కువైతే వేడి ఎక్కువ కదా, మరి పెద్ద హీటరుకు నిరోధం తక్కువేమిటి?" అన్న ప్రశ్న ఇక్కడే పుడుతుంది. సందేహం న్యాయమైనదే. దానికి జవాబు దొరికితే మిగతా విషయమంతా దానంతట అదే విడిపోతుంది.

పవర్‌ను మూడు రకాలుగా రాయవచ్చు. వోల్టేజి × కరెంటు అన్నది మొదటిది. కరెంటు వర్గం × నిరోధం అన్నది రెండోది. వోల్టేజి వర్గం ÷ నిరోధం అన్నది మూడోది. రెండో సూత్రం చూస్తే నిరోధం పెరిగితే వేడి పెరగాలి. మూడోది చూస్తే నిరోధం పెరిగితే వేడి తగ్గాలి. రెండూ నిజమే, ఒకదాన్నొకటి కాదనవు. తేడా అంతా ఒక్క ప్రశ్నలో ఉంది: ఆ చోట ఏది కదలకుండా నిలబడి ఉంది? వోల్టేజా, కరెంటా?

గీజరు ఎలిమెంట్‌కు వోల్టేజి బయటి నుంచి వస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే 230 వోల్టులు ఈ ఎలిమెంట్‌ను చూసి మారవు. కాబట్టి నిరోధం తగ్గించిన కొద్దీ కరెంటు పెరిగి వేడి పెరుగుతుంది. అదే కరెంటు ప్లగ్గు పిన్నులోంచి పోయేటప్పుడు కథ వేరు. అక్కడ ఎంత కరెంటు పోవాలో పిన్ను నిర్ణయించడం లేదు, అవతల ఉన్న 26 ఓమ్‌ల ఎలిమెంట్ నిర్ణయిస్తోంది. పిన్ను దగ్గర నిరోధం 0.01 ఓమ్ అయినా, 0.33 ఓమ్ అయినా కరెంటు దాదాపు 8.7 ఆంపియర్ల దగ్గరే ఉంటుంది. కాబట్టి పిన్నుకు వాడాల్సింది రెండో సూత్రం. 8.7ను 8.7తో గుణిస్తే సుమారు 75.7. దాన్ని 0.33తో గుణిస్తే 25 వాట్లు. రేడియో, టీవీ రిపేరు చేసేవాళ్లు సీసం కరిగించడానికి వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. అంటే ఆ ప్లగ్గులో, చిటికెన వేలి గోరంత చోట, ఒక సోల్డరింగ్ ఐరన్ వెలుగుతున్నట్టు. గీజరు ఆన్‌లో ఉన్నంతసేపూ. ప్లాస్టిక్కు గోధుమ రంగుకు తిరగక ఏమవుతుంది?

పక్క పిన్ను బిగుతుగా కూర్చుంది. దాని దగ్గర 0.01 ఓమ్ ఉందనుకుంటే పుట్టే వేడి ముప్పావు వాటు. అదే కరెంటు, ఒకచోట 25 వాట్లు, ఒకచోట ముప్పావు. వదులు పిన్నుకు ఇంకో రోగం కూడా ఉంది. వేడెక్కిన ఇత్తడి మీద ఆక్సైడు పొర పేరుకుంటుంది, సాకెట్లోని స్ప్రింగు పట్టు సడలుతుంది. రెండూ నిరోధాన్ని ఇంకా పెంచుతాయి, అది మళ్లీ వేడిని పెంచుతుంది. మొదటి ఏడాది కాస్త వెచ్చగా ఉన్న ప్లగ్గు మూడో ఏడాదికి కరిగిపోవడం ఈ చక్రం వల్లే.

మరి ఎంసీబీ ఏం చేస్తున్నట్టు? ఏమీ చేయదు, చేయలేదు. 16 ఆంపియర్ల ఎంసీబీ చూసేది కరెంటును మాత్రమే. 26.45 ఓమ్‌లకు ఇంకో 0.33 ఓమ్ చేరితే కరెంటు 8.7 నుంచి సుమారు 8.6కు తగ్గుతుంది. ఎంసీబీ కళ్లకు లోడు కొంచెం తగ్గినట్టే కనిపిస్తుంది. కరెంటు బయటికి లీకైతే సరఫరా ఆపే ఆర్‌సీసీబీ కూడా పడదు, ఎందుకంటే ఫేజులో వెళ్లింది న్యూట్రల్‌లో పూర్తిగా తిరిగి వస్తోంది, ఎక్కడా లీకు లేదు. ఇంట్లో ఉన్న రక్షణ పరికరాలన్నీ బాగుండి కూడా వదులు జాయింటు నిశ్శబ్దంగా కాలగలదు. షార్ట్ సర్క్యూట్ అని పేరు పడే ప్రమాదాల్లో కొన్నింటి మొదలు ఇలాంటి వదులు జాయింటే. ముందు జాయింటు కాలుతుంది, తర్వాత తీగ తొడుగు కరుగుతుంది, ఆ తర్వాతే ఫేజూ న్యూట్రలూ తగులుకుంటాయి.

ఈ దాగిన నిరోధాన్ని పట్టుకోవడం ఎలా? మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి చూస్తే దొరకదు. మామూలు మల్టీమీటరు రెండు ప్రోబులనూ ఒకదానికొకటి తాకించినా 0.2, 0.3 ఓమ్ చూపిస్తుంది, అది దాని వైర్ల నిరోధమే. వెతుకుతున్నది కూడా అంతే కాబట్టి అది ఇందులో మునిగిపోతుంది. పైగా ఓమ్స్‌లో కొలిచేటప్పుడు మీటరు తన బ్యాటరీ నుంచి చిన్న కరెంటు మాత్రమే పంపుతుంది. ఎనిమిది ఆంపియర్ల బరువు మీద పడ్డప్పుడు ఆ జాయింటు ఎలా ప్రవర్తిస్తుందో అది చెప్పలేదు. సరఫరా ఉన్న సర్క్యూట్‌కు ఓమ్స్ సెలెక్టర్ పెట్టి ప్రోబులు తాకిస్తే మీటరు కాలిపోతుంది, మనిషికీ ప్రమాదమే.

దారి ఒకటి ఉంది. వోల్టేజిని రెండుసార్లు కొలవాలి, లోడు లేనప్పుడు ఒకసారి, లోడు వేశాక ఒకసారి. తేడాను కరెంటుతో భాగించాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. గీజరు ఆఫ్‌లో ఉన్నప్పుడు దాని ప్లగ్గు దాటాక, తీగ గీజరులోకి వెళ్లే చోట 232 వోల్టులు ఉన్నాయి. ఆన్ చేయగానే 223కు దిగింది. తీగ చుట్టూ పట్టించి కరెంటు కొలిచే క్లాంప్ మీటరు, మోటారు మెకానిక్కుల భాషలో టాంగ్ టెస్టర్, 8.43 ఆంపియర్లు చూపించింది. తగ్గిన 9 వోల్టులు ఎక్కడికి పోయాయి? ట్రాన్స్‌ఫార్మర్ నుంచి ఈ ప్లగ్గు దాకా, ప్లగ్గుతో సహా, ఉన్న తీగలు, జాయింట్లు, స్విచ్చి, ఎంసీబీ అన్నీ కలిసి తిన్నాయి. 9 ÷ 8.43 చేస్తే 1.07 ఓమ్‌లు. ఆ దారి మొత్తం నిరోధం అది. 9 × 8.43 చేస్తే 76 వాట్లు. నీళ్లు కాచాల్సిన పవర్‌లోంచి గోడల్లోనూ స్తంభాల మీదా ఆవిరవుతున్న భాగం ఇది.

ఇప్పుడు ఇదే పని ఇంటి మీటరు బోర్డు దగ్గర చేయాలి. సరఫరా ఉన్న టెర్మినల్స్ దగ్గర పని కాబట్టి ఈ రెండు చోట్ల కొలతలనూ తెలిసిన ఎలక్ట్రీషియన్‌తోనే చేయించాలి, ఇందులో మొహమాటం వద్దు. అక్కడ గీజరు ఆన్ చేసినప్పుడు 232 నుంచి 229కి దిగిందనుకుందాం. 3 ÷ 8.43, అంటే 0.36 ఓమ్. ఇది డిపార్ట్‌మెంటు వైపు దారి. మిగిలిన 0.71 ఓమ్ ఇంటి లోపల ఉంది.

ఇంట్లో ఎంత ఉండాలి? మీటరు బోర్డు నుంచి బాత్రూమ్ దాకా 20 మీటర్లు అనుకుంటే, వెళ్లే తీగ, వచ్చే తీగ కలిపి 40 మీటర్లు. ఒక చదరపు మిల్లీమీటరు మందమున్న రాగి తీగ మీటరుకు 0.0172 ఓమ్ నిరోధం ఇస్తుంది. గీజరుకు వేయాల్సిన రెండున్నర ఎంఎం వైరు (అంటే రెండున్నర చదరపు మిల్లీమీటర్లది) అయితే అందులో రెండున్నరో వంతు, 0.0069. దాన్ని 40తో గుణిస్తే 0.28 ఓమ్. కొలిస్తే వచ్చింది 0.71. ఎక్కడో 0.43 ఓమ్ అదనంగా కూర్చుంది.

ఇక్కడ లెక్క ఒక మలుపు తిరుగుతుంది. 0.71 రావడానికి రెండు కారణాలు ఉండవచ్చు. వైరింగ్ చేసినప్పుడు రెండున్నర ఎంఎం బదులు లైట్లకు వేసే ఒకటి ఎంఎం వైరే గీజరుకూ లాగి ఉంటే 40 మీటర్లకు 0.69 ఓమ్ వస్తుంది, దాదాపు ఇదే సంఖ్య. లేదా వైరు సరైనదే అయి ఉండి ఏదో ఒక జాయింటు దగ్గర 0.43 ఓమ్ ఉండి ఉండవచ్చు. సంఖ్య ఒకటే గాని ప్రమాదం ఒకటి కాదు. సన్న వైరు అయితే 50 వాట్లు 40 మీటర్ల పొడవునా పరుచుకుంటాయి, మీటరుకు వాటుంబావు. వైరు గోరువెచ్చగా ఉంటుంది, అది తప్పే అయినా ఈ రాత్రికి మంట రాదు. జాయింటు అయితే 8.43 వర్గాన్ని 0.43తో గుణించిన 31 వాట్లు ఒకే చోట కుమ్ముతాయి. ఈ రెండింటినీ వేరు చేసేది సూత్రం కాదు, చెయ్యి. గీజరు ఓ పావుగంట నడిచాక ఆపేసి, ప్లగ్గు తీసి, పిన్నుల దగ్గరికి వేలి వెనక భాగాన్ని తేవాలి. వేడి సెగ తగిలితే దొంగ దొరికినట్టే. ప్లగ్గు చల్లగా ఉంటే మెయిన్ ఆపించి స్విచ్ బోర్డు, జంక్షన్ బాక్స్ స్క్రూలు చూడాలి. అన్నీ చల్లగా ఉంటే వైరు సన్నది.

కొలిచేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. పక్కింటివాళ్లు మోటారు వేసినా, వీధిలో ఎవరో వెల్డింగ్ మొదలుపెట్టినా వోల్టేజి అటూ ఇటూ ఊగుతుంది. తగ్గిన 9 వోల్టుల్లో మన గీజరు వాటా ఎంతో తెలియదు. అందుకని స్విచ్ వేస్తూ తీస్తూ నాలుగైదుసార్లు కొలిచి సగటు తీసుకోవాలి.

నిరోధం సూత్రం పుట్టిన కథలోనే ఈ చిక్కు ఉంది. గెయోర్గ్ సైమన్ ఓమ్ 1789లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పుట్టాడు. కొలోన్ నగరంలో పాఠశాల ఉపాధ్యాయుడిగా ఉంటూ తీగల మీద ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1825లో వోల్టా తరహా బ్యాటరీతో కొలిచాడు. ఆ బ్యాటరీలు లోడు పడగానే నీరసించేవి, ఒక రీడింగుకూ ఇంకో రీడింగుకూ పొంతన ఉండేది కాదు. ఆ అంకెల నుంచి ఆయన తీసిన మొదటి సూత్రం తప్పు. అప్పుడు పోగెన్‌డార్ఫ్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సలహాతో బ్యాటరీని పక్కన పెట్టి, బిస్మత్, రాగి కలిపిన థర్మోకపుల్‌ను తీసుకున్నాడు. రెండు కొసల వేడిలో ఉన్న తేడా నుంచి వోల్టేజి పుట్టించే సాధనం అది. ఒక కొస మరిగే నీళ్లలో, ఇంకో కొస మంచులో. మరిగే నీళ్ల వేడి, మంచు చల్లదనం మారవు కాబట్టి వోల్టేజి కదలకుండా నిలబడింది. 1826లో ఎనిమిది రాగి తీగలను, రెండంగుళాల నుంచి నూట ముప్పై అంగుళాల దాకా పొడవు పెంచుకుంటూ, ఒక్కొక్కటిగా కలిపి అయస్కాంత సూది ఎంత తిరిగిందో చూశాడు.

ఆయనకు అప్పుడు దొరికిన సూత్రంలో భాగహారం కింద ఒక్క తీగ పొడవే లేదు. తీగ పొడవుకు ఇంకో స్థిరసంఖ్య కూడా కలిసి ఉంది. పరీక్షిస్తున్న తీగ తప్ప మిగతా దారంతటి నిరోధం ఆ స్థిరసంఖ్య. గీజరు ఆన్ చేసి ఆఫ్ చేసి కనుక్కున్న 1.07 ఓమ్ సరిగ్గా అదే. పుస్తకాల్లో ఓమ్ నియమం అని మూడక్షరాల సూత్రంగా కుదించినప్పుడు ఆ రెండో సంఖ్య జారిపోయింది. దానితో పాటు "సరఫరా వైపు కూడా నిరోధం ఉంటుంది" అన్న ఎరుక కూడా జారిపోయింది. ఇది చిన్న నష్టం కాదు. ఆయన పుస్తకం 1827లో బెర్లిన్‌లో అచ్చయింది. లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చింది 1841లో. కరెంటు వర్గంతో వేడి పెరుగుతుందని చూపించిన జేమ్స్ జూల్ పూర్తి వ్యాసం అచ్చయింది కూడా ఆ ఏడాదే.

పాఠశాలలో త్రిభుజం గీసి, కావాల్సిన దాన్ని వేలితో మూసి, మిగతా రెండింటినీ గుణించమనో భాగించమనో నేర్పుతారు. పరీక్షకు అది చాలు. కానీ ఆ త్రిభుజం మూడింటికీ సమాన హోదా ఇచ్చేస్తుంది. ఏది కారణం, ఏది ఫలితం అన్న ప్రశ్నే రానివ్వదు. గీజరు ఎలిమెంట్‌కూ, దాని ప్లగ్గుకూ వేర్వేరు సూత్రాలు ఎందుకు వాడాలో ఆ త్రిభుజం నుంచి ఎవరికీ తట్టదు. త్రిభుజానికి ముందు ఈ ఒక్క ఉదాహరణ చెప్పడం మేలు.

ఇంకో పొరపాటు కూడా అక్కడి నుంచే వస్తుంది. వోల్టేజిని కరెంటుతో భాగిస్తే వచ్చేదాన్ని నిరోధం అంటాం. ఇది నిర్వచనం, ఏ వస్తువుకైనా చేయవచ్చు. ఆ భాగఫలం వోల్టేజి మారినా మారకుండా ఉంటుంది అనడం ఓమ్ నియమం. ఇది అన్నిటికీ వర్తించదు. పాత 100 వాట్ల ఫిలమెంట్ బల్బునే చూడండి. వెలుగుతున్నప్పుడు 230 వర్గం ÷ 100, అంటే 529 ఓమ్‌లు. ఆర్పి, చల్లారాక మల్టీమీటరుతో కొలిస్తే 40 ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తుంది. మీటరు తప్పు కాదు, బల్బు పాడవలేదు. టంగ్‌స్టన్ తీగ తెల్లగా కాగినప్పుడు నిరోధం పది రెట్లకు పైగా పెరుగుతుంది. అందుకే ఆ బల్బులు వెలుగుతుండగా కన్నా స్విచ్ వేసిన క్షణంలో ఎక్కువగా పోయేవి. ఆ మొదటి క్షణంలో 40 ఓమ్‌ల మీద 230 వోల్టులు పడి ఐదారు ఆంపియర్లు దూకేవి. ఎల్ఈడీ బల్బులకు ఈ లెక్క అసలు కుదరదు. లోపలున్న డ్రైవర్ అనే చిన్న సర్క్యూట్ తనకు కావాల్సిన పవర్‌ను తానే సర్దుకుంటుంది.

గీజరుకు, ఇస్త్రీ పెట్టెకు మాత్రం నిరోధం పెద్దగా మారదు కాబట్టి మూడో సూత్రం నమ్మకంగా పనిచేస్తుంది. వోల్టేజి 230 నుంచి 190కి పడిపోతే తగ్గింది 17 శాతమే. పవర్ మాత్రం వర్గంగా తగ్గి 68 శాతం దగ్గర ఆగుతుంది. 2000 వాట్ల గీజరు 1365 వాట్లది అయిపోతుంది. 15 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాచడానికి 0.61 యూనిట్ కావాలి. పూర్తి వోల్టేజిలో 18 నిమిషాలు, లో వోల్టేజిలో 27 నిమిషాలు పడుతుంది. యూనిట్లు మాత్రం రెండుసార్లూ దాదాపు అవే. లో వోల్టేజిలో బిల్లు తగ్గుతుందని అనుకునేవాళ్లున్నారు, నీళ్లు కాచే చోట అది నిజం కాదు.

మోటారు దగ్గరికి వచ్చేసరికి ఇదంతా తిరగబడుతుంది. తెలుగు పల్లెల్లో వోల్టు, ఆంపియర్ల లెక్క నిజంగా డబ్బుతో ముడిపడేది బోరు మోటారు దగ్గరే. ఒక హార్స్ పవర్ మోటారు వైండింగ్‌ను మల్టీమీటరుతో కొలిస్తే కొద్ది ఓమ్‌లు మాత్రమే చూపిస్తుంది. 5 ఓమ్‌లు అనుకుని 230ని 5తో భాగిస్తే 46 ఆంపియర్లు రావాలి. నడుస్తున్న మోటారు మీద టాంగ్ టెస్టర్ పెడితే అయిదారే చూపిస్తుంది. ఎందుకంటే తిరుగుతున్న మోటారులో తీగ నిరోధం ఒక్కటే కాదు, తిరగడం వల్ల పుట్టే ఎదురు వోల్టేజి కూడా కరెంటును ఆపుతోంది. తిరగడం ఆగిందా, ఆ ఆపుదల పోయింది. కరెంటు అయిదారు రెట్లకు దూకుతుంది. ఇక్కడ వోల్టేజి ÷ కరెంటు చేస్తే వచ్చేది వైండింగ్ నిరోధం కాదు, ఇంపెడెన్స్, అంటే కరెంటును ఆపేవన్నీ కలిసిన మొత్తం. వోల్టేజి × కరెంటు చేస్తే వచ్చేది కూడా పూర్తి వాట్లు కాదు, దాన్ని పవర్ ఫ్యాక్టర్‌తో, అంటే అందులో నిజంగా పనికి వచ్చే వంతుతో, తగ్గించుకోవాలి.

5 హార్స్ పవర్ త్రీఫేజు మోటారు బయటికి ఇచ్చేది 3730 వాట్లు. 80 శాతం సామర్థ్యం, 0.8 పవర్ ఫ్యాక్టర్ అనుకుంటే 400 వోల్టుల దగ్గర 8.4 ఆంపియర్లు లాగుతుంది. బోరులో నీటి బరువు వోల్టేజిని బట్టి మారదు. వోల్టేజి 340కి పడితే అదే నీళ్లు ఎత్తడానికి మోటారు కరెంటు పెంచుకుంటుంది, సుమారు 9.9 ఆంపియర్ల దాకా. వేగం కాస్త మందగిస్తుంది గనుక నిజంగా కొంచెం తక్కువే ఉండవచ్చు. అయినా లెక్క చూడండి: కరెంటు 18 శాతం పెరిగితే వైండింగ్‌లో వేడి 38 శాతం పెరుగుతుంది. లో వోల్టేజి గీజరును చల్లబరిస్తే మోటారును కాలుస్తుంది. ఒకచోట నిరోధం స్థిరం, ఇంకోచోట పని స్థిరం.

స్టార్ట్ చేసేటప్పుడు పరిస్థితి ఇంకా కష్టం. మోటారు లేచే బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది, 340 దగ్గర అది 72 శాతమే. లేవలేక "గూం" అని మూలుగుతూ నిలబడ్డ మోటారు ఆరు రెట్ల కరెంటు లాగుతుంటే వైండింగ్ వేడి ముప్పై ఆరు రెట్లు. సెకన్లలో ఆపకపోతే రివైండింగ్ షాపుకే. సరఫరా రాగానే ఆటోస్టార్టర్లతో ఊళ్లోని మోటార్లన్నీ ఒకేసారి లేవబోతే ట్రాన్స్‌ఫార్మర్ మీద పడే బరువు ఇదే. ఆ క్షణాన వోల్టేజి కుంగుతుంది, కుంగిన వోల్టేజికి ఏ మోటారూ లేవదు, లేవనివన్నీ ఆరు రెట్లు లాగుతూనే ఉంటాయి. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైన రోజుల్లో ఆటోస్టార్టర్లు తీసేయమని విద్యుత్ పంపిణీ సంస్థలు (డిస్కంలు) ఊరూరా చెప్పాయి. భూగర్భ జలాలు కాపాడటం ప్రధాన కారణమే గాని, ఈ లెక్క కూడా అదే మాట చెబుతుంది.

రైతు చేతిలో ఉన్నది కేబుల్ మందం. 500 అడుగుల బోరు, స్తంభం దాకా ఇంకొంత, మొత్తం 200 మీటర్ల రాగి కేబుల్ అనుకుంటే ఒకటిన్నర ఎంఎం అయితే ఒక్కో ఫేజుకు 2.29 ఓమ్‌లు. 8.4 ఆంపియర్లకు మూడు ఫేజుల్లో కలిపి 485 వాట్లు కేబుల్‌లోనే పోతాయి. రెండున్నర ఎంఎం అయితే 291, నాలుగు ఎంఎం అయితే 182. యూనిట్లు ఉచితం కాబట్టి ఈ వాట్లు ఎవరికి పట్టాలి అనిపించవచ్చు. పట్టాల్సింది బిల్లు కోసం కాదు. రెండున్నర ఎంఎం కేబుల్‌లో నడుస్తున్నప్పుడు ఫేజుకు 11.6 వోల్టులు పోతుంటే, స్టార్టింగ్‌లో ఆరు రెట్లు, దాదాపు 69 వోల్టులు పోతాయి. ఫేజుకు ఉన్నదే 231. స్తంభం మీద వోల్టేజి బాగానే ఉన్నా బోరు అడుగున మోటారు చూస్తున్నది 160 చిల్లరే. మోటారు ఎందుకు లేవడం లేదో స్టార్టర్ డబ్బాలో మీటరు పెట్టి చూస్తే తెలియదు, ఎందుకంటే నష్టం జరుగుతున్నది దాని కింద.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఉచిత విద్యుత్తు వచ్చాక కెపాసిటర్లు, ఐఎస్ఐ పంపుసెట్లు పెట్టుకోవాలన్న షరతులు వచ్చాయి. కెపాసిటర్ మోటారుకు బలం ఇవ్వదు. పని చేయని కరెంటును పక్కనుంచే తీర్చి, లైనులో ఆంపియర్లు తగ్గిస్తుంది. ఆంపియర్లు తగ్గితే వాటి వర్గంతో లైను నష్టం తగ్గుతుంది. పొలాల దాకా 11 కేవీ లైను తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు పెట్టే హెచ్‌వీడీఎస్ పద్ధతి వెనకా ఇదే లెక్క. 400 వోల్టుల బదులు 11,000 వోల్టుల్లో పంపితే అదే పవర్‌కు కరెంటు ఇరవై ఏడున్నర రెట్లు తక్కువ, అదే తీగలో నష్టం 756 రెట్లు తక్కువ. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో కలిసింది. అంత వోల్టేజి ఎందుకన్నదానికీ ఇదే జవాబు.

ఇంటికి తిరిగి వస్తే, గీజరు గురించి ఒక లెక్క మిగిలింది. ఇది ప్రాణాలకు సంబంధించినది. గీజరు లోపల ఫేజు తీగ తొట్టికి తగిలిందనుకుందాం. ఎర్త్ ఉంది కదా, ఎంసీబీ పడుతుంది అని ధీమా. ఎర్త్ పిట్ ఎండిపోయి దాని నిరోధం 50 ఓమ్‌లు ఉంటే 230 ÷ 50, 4.6 ఆంపియర్లు మాత్రమే పోతాయి. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు, కదలదు. ట్రాన్స్‌ఫార్మర్ వైపు ఎర్త్ నిరోధం కొద్ది ఓమ్‌లే గనుక వోల్టేజిలో అత్యధిక భాగం మన పిట్ మీదే పడుతుంది. గీజరు తొట్టి, కుళాయి 200 వోల్టులకు పైగా ఎక్కి నిలబడతాయి, అది కూడా ఎర్త్ వైరు కలిపి ఉండగానే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉంటే అది 4.6 ఆంపియర్ల లీకుకు కన్ను మూసి తెరిచేలోగా పడుతుంది. దానికి 230 ÷ 0.03, దాదాపు 7,700 ఓమ్‌ల ఎర్త్ అయినా చాలు. ఎంసీబీ పడాలంటే కావాల్సిన ఎర్త్‌కూ, ఆర్‌సీసీబీకి సరిపోయే ఎర్త్‌కూ ఇంత దూరం ఉంది. బాత్రూమ్‌లో గీజరు ఉన్న ఇంటికి ఆర్‌సీసీబీ లేకపోవడం ఒప్పుకోదగ్గ విషయం కాదు.

మళ్లీ ఆ నల్లబడ్డ పిన్ను దగ్గరికి. ప్లగ్ టాప్ మార్చితే సరిపోదు, స్ప్రింగు సడలిన సాకెట్‌ను కూడా మార్చాలి. లేకపోతే కొత్త పిన్ను ఆరు నెలల్లో అదే రంగుకు వస్తుంది. మెయిన్ ఆపి, వైరు కొస కాలినంత మేర కత్తిరించి, కొత్త రాగి కనిపించేలా ఒలిచి, పోగులన్నీ టెర్మినల్ లోపలికి వెళ్లేలా పెట్టి స్క్రూ బిగించాలి. బయట మిగిలిన ప్రతి పోగూ మందం తగ్గించినట్టే. తర్వాత అవే రెండు రీడింగులు మళ్లీ తీసుకోవాలి. వైరు నిజంగా రెండున్నర ఎంఎందే అయితే, గీజరు ఆన్ చేసినప్పుడు 232 నుంచి 223కు పడాల్సిన వోల్టేజి ఈసారి 226.5 దగ్గర ఆగుతుంది. ఆ రెండు అంకెలనూ తేదీతో సహా మీటరు బాక్సు తలుపు లోపలి వైపు పెన్సిల్‌తో రాసి పెట్టుకుంటే, వచ్చే ఏడాది చలికాలంలో మళ్లీ కొలిచినప్పుడు పోల్చుకోవడానికి పనికొస్తాయి.